గాలి చల్లగానే ఉంది, కానీ రావట్లేదు: మారతహళ్ళిలో ఒక కారు ఏసీ ఫిల్టర్ కేసు

ఏప్రిల్ రెండో వారంలో మా షెడ్డుకి ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. అయిదేళ్ళ బండి, మీటర్ మీద 38,000 కిలోమీటర్లు. బండాయనది కడప జిల్లా, ఉండేది బెంగళూరు మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసు బెళ్ళందూరు వైపు. రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీదే రాకపోకలు. ఆయన చెప్పిన ఫిర్యాదు ఇదీ: ఏసీ వేస్తే మొదట్లో ఓ మాదిరి గాలి వస్తుంది, అరగంట గడిచేసరికి బాగా తగ్గిపోతుంది. బ్లోయర్ (గాలి నెట్టే ఫ్యాన్) నాలుగులో పెడితే చప్పుడే తప్ప గాలి లేదు. బండి స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాలు తడిగుడ్డ వాసన. వాన పడితే ముందద్దం మీద ఆవిరి పట్టి ఎంతకీ పోదు. వెనక సీట్లో కూర్చునే పాపకి కారెక్కితే తుమ్ములు.

అంతకు ముందే ఇంకో చోట చూపించారు. అక్కడ గ్యాస్ తక్కువుందన్నారు, గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ కూడా మార్చాలి, డ్యాష్‌బోర్డ్ మొత్తం దించాలి అన్నారు. ఎస్టిమేట్ 20,000 దాటింది. నెలాఖరుకి పెద్దవాళ్ళని తీసుకుని కడప వెళ్ళాలి. ఏప్రిల్ చివర్లో ఆ దారిలో ఏసీ లేకుండా పెద్దవాళ్ళతో ప్రయాణం అంటే మాటలు కాదు.

"అన్నా, ముందు గ్యాస్ అయితే పట్టేయండి, కాయిల్ సంగతి వచ్చినాక చూద్దాం" అన్నారాయన. గ్యాస్ పట్టడానికి ముందు ఓ గంట టైమివ్వమన్నాను. ఈ కేసు పూర్తిగా రాయడానికి కారణం ఆ గంటలో తేలిన విషయాలే. బెంగళూరు బండ్లలో ఇది తరచూ కనిపించే సంగతి. తప్పు చోట వెతికితే జేబుకి పెద్ద చిల్లు పడుతుంది.

గ్యాసా, గాలా

ఏసీ సరిగా లేదు అన్న మాటలో రెండు వేరువేరు జబ్బులున్నాయి. గ్యాస్ తగ్గితే గాలి బోలెడంత వస్తుంది కానీ చల్లగా ఉండదు. గాలి దారి మూసుకుపోతే వచ్చే కాస్త గాలీ చాలా చల్లగా ఉంటుంది, కానీ మనిషి దాకా రాదు. కస్టమర్‌కి రెండూ ఒకలాగే తోస్తాయి, ఎందుకంటే కారు లోపల చల్లబడట్లేదు, అంతే. అందుకే నేను ముందు చేత్తోనే చూస్తాను. మధ్య వెంట్‌కి అరచేయి దగ్గరగా పెడితే వేళ్ళు జివ్వుమన్నాయి. జానెడు వెనక్కి తీస్తే ఏమీ తెలియలేదు. సగం జవాబు అక్కడే దొరికింది.

తర్వాత కొలతలు. మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెడితే 5 డిగ్రీలు చూపించింది. బయట 33 డిగ్రీల ఎండలో వెంట్ దగ్గర 5 డిగ్రీలు వచ్చే బండిలో గ్యాస్ తక్కువుందని నేననుకోను. అయితే గాలి వేగం కొలిచే చిన్న ఫ్యాన్ మీటర్ పెడితే, బ్లోయర్ ఫుల్ మీద సెకనుకి 1.5 మీటర్లే వచ్చింది. ఇదే తరహా మంచి బండిలో ఆ వెంట్ దగ్గర నాలుగు దాటాలి.

గ్యాస్ ప్రెషర్ కొలిచే గేజ్ తగిలించి చూస్తే లో సైడ్, అంటే కాయిల్ నుంచి కంప్రెసర్‌కి గ్యాస్ తిరిగొచ్చే తక్కువ ప్రెషర్ వైపు, 22 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర ఊగుతోంది. గ్యాస్‌ని నొక్కి తిప్పే ఆ కంప్రెసర్ మాటిమాటికీ కట్ అవుతోంది. ముందు చూసిన వాళ్ళు గ్యాస్ తక్కువ అనడానికి కారణం ఈ నంబరే అయ్యుంటుంది. లో సైడ్ తగ్గడానికి గ్యాస్ లీక్ ఒక్కటే కారణం కాదు. కూలింగ్ కాయిల్ మీదుగా గాలి సరిపడా పోకపోతే, కాయిల్‌లో గ్యాస్‌కి పీల్చుకోవడానికి వేడి దొరకదు, ప్రెషర్ పడిపోతుంది, కాయిల్ మరీ చల్లబడి మంచు కట్టడం మొదలవుతుంది. ఆ మంచు మిగిలిన సందుల్ని కూడా మూసేస్తుంది. అరగంట తర్వాత గాలి తగ్గిపోతోందని ఆయన చెప్పింది ఇదే. ఏసీ స్విచ్ ఆపి కాసేపు ఉత్త బ్లోయర్ నడిపితే మంచు కరిగి మళ్ళీ గాలి వస్తుంది. అలా వస్తోందా అనడిగితే, "అవునన్నా, ఆపి వేస్తే కొంచెంసేపు బాగుంటుంది" అన్నారు.

ఇలాంటి బండికి గేజ్ మీద నంబర్ చూసి గ్యాస్ ఎక్కిస్తే లో సైడ్ పెరిగి సరిగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత గాలి దారి బాగుచేశాక అదే గ్యాస్ ఎక్కువైపోతుంది. ఎండలో ట్రాఫిక్‌లో నిలబడితే హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి పోయే వైపు) ప్రెషర్ పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది. అందుకే మా దగ్గర గాలి సంగతి తేలాకే గ్యాస్ సంగతి.

ఫిల్టర్ బయటికి తీశాక

కారు లోపలికొచ్చే గాలిని వడకట్టేది ఏసీ ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్ అన్నా ఇదే. ఈ బండిలో అది ఎడమ పక్క గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. స్విఫ్ట్, బాలెనో, ఐ20, హోండా సిటీ, ఇన్నోవా క్రిస్టా, ఇలా మన రోడ్ల మీద కనిపించే చాలా బండ్లలో అక్కడే. కొన్నిటిలో కాళ్ళు పెట్టుకునే చోట, పక్క నుంచి తీయాలి. బాగా పాత చిన్న బండ్లలో కంపెనీ నుంచే ఫిల్టర్ రాకుండా, ఖాళీ స్లాట్‌కి ప్లాస్టిక్ మూత మాత్రమే ఉండేవీ చూశాను.

గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి, పక్కనున్న చిన్న డంపర్ తాడు విప్పి, రెండు గోడల్నీ లోపలికి నొక్కితే డబ్బా కిందికి జారుతుంది. వెనక పొడవాటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, రెండు పక్కలా క్లిప్పులు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఈ బండిలో ఫిల్టర్ బ్లోయర్ పైన అడ్డంగా పడుకుని ఉంటుంది, గాలి పైనుంచి కిందికి పోతుంది, కాబట్టి ఆకులూ చెత్తా పై మొహం మీద పేరుకుంటాయి. తీసేటప్పుడు వంచితే అదంతా నేరుగా బ్లోయర్ చక్రంలో పడుతుంది, తర్వాత టకటకమని చప్పుడు. పళ్ళెం లాగినట్టు చదునుగా లాగాలి, బ్లోయర్ స్విచ్ ఆఫ్‌లో ఉండాలి.

బయటికి వచ్చింది చూసి ఆయన నోట మాట రాలేదు. పై మొహం అసలు మడతలే కనిపించకుండా నిండిపోయింది. మధ్యలో బూడిదరంగు ధూళి, దాని మీద కానుగ ఆకులు, ఆకుల ఈనెలు, ఏదో చెట్టు దూది. ఒక మూల తడిగా, నల్లగా, వేలితో నొక్కితే బురదలా అంటుకుంది. వాసన అక్కడిదే. ఆ మూల ఫ్రేమ్ మెత్తబడి వంగిపోయింది, ఫిల్టర్‌కీ డబ్బా గోడకీ మధ్య పెన్సిల్ పట్టేంత సందు.

ఆ సందే అసలు నష్టం చేసింది. మూసుకుపోయిన ఫిల్టర్‌లోంచి గాలి పోలేదు, దొరికిన సందులోంచి పోయింది, దాంతోపాటు వడకట్టని ధూళి కూడా. బ్లోయర్ స్పీడు మార్చే రెసిస్టర్ విప్పి, ఆ రంధ్రంలోంచి చిన్న కెమెరా పంపి చూస్తే కూలింగ్ కాయిల్ మీద ఒక పక్కన చారలా మట్టి. కాయిల్ ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ధూళి పడితే అక్కడే అంటుకుపోతుంది. మిగతా కాయిల్ శుభ్రంగానే ఉంది, రెక్కలు ఎక్కడా దెబ్బతినలేదు, నూనె మరకలు లేవు. కాయిల్ మార్చాల్సిన పనే లేదు.

పాత ఫిల్టర్ దులిపి, వెనక నుంచి టార్చ్ వేసి చూపించాను. ధూళి ఊడిన చోట మడతల అంచుల వెంట సూది మొనంత వెలుతురు చుక్కలు. ఎయిర్ గన్‌తో గాలి ఊది శుభ్రం చేసినందువల్ల పడ్డవి అవి. ఆయన బిల్లులన్నీ ఫోన్‌లో దాచుకున్నారు. తీసి చూస్తే చివరిసారి ఫిల్టర్ మార్చింది మీటర్ 27,000 దగ్గర. ఆ తర్వాత ప్రతి సర్వీస్‌లోనూ "ఏసీ ఫిల్టర్ క్లీనింగ్" అని ఉంది, దానికి చార్జీ కూడా ఉంది.

ఊదితే ఎందుకు కుదరదు

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊదించుకుని డబ్బు మిగిల్చామనుకునేవాళ్ళు చాలామంది. క్యాబిన్ ఫిల్టర్ జల్లెడ మాదిరి పనిచేయదు. జల్లెడ రంధ్రం కంటే పెద్దదాన్ని ఆపుతుంది, చిన్నదాన్ని వదిలేస్తుంది. ఈ ఫిల్టర్ గుడ్డ సన్నని ప్లాస్టిక్ పోగులతో నేయకుండా పేర్చినది. ఆ పోగులకి తయారీలోనే స్టాటిక్ ఛార్జ్ ఎక్కిస్తారు. సందుల కంటే ఎంతో చిన్న రేణువుల్ని కూడా ఆ ఛార్జ్ లాగి పట్టుకుంటుంది. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నని పొగ ధూళి పోగుల లోతుల్లో అంటుకుని ఉంటుంది. ఎయిర్ గన్‌తో ఊదితే పైనున్న ఆకులూ మట్టీ పోతాయి, లోపలిది పోదు, ఆ వత్తిడికి పోగులు మాత్రం తెగుతాయి. సబ్బు నీళ్ళలో కడిగితే ఛార్జ్ కూడా పోతుంది, మడతలు ఆరాక వంకర్లు తిరుగుతాయి. కడిగిన ఫిల్టర్ తెల్లగా కనబడుతుంది, పని మాత్రం చేయదు.

ఆకులు పడితే తీసి దులిపి పెట్టుకోవడంలో తప్పులేదు, అది మధ్యలో చేసే చిన్న పని. మార్చాల్సిన టైమ్‌ని అది వాయిదా వేయదు.

11,000 కిలోమీటర్లకే ఎలా నిండింది

ఆయనకి అంతుపట్టని ప్రశ్న ఇదే. ఫిల్టర్ మార్చాక 11,000 కిలోమీటర్లే అయింది, మామూలుగా చెప్పే లెక్క 15,000 నుంచి 20,000, లేదా ఏడాదికోసారి. మరి ఇప్పుడే ఎందుకిలా అని. ముందు ఒక సంగతి, 11,000 తిరగడానికి ఆయనకి ఏడాదిన్నర దాటింది. మాన్యువల్‌లో "ఏది ముందైతే అది" అని ఉంటుంది, ఆ ముక్క ఎవరూ చదవరు. రెండోది ఇంకా ముఖ్యం. ఫిల్టర్‌కి కిలోమీటర్లు తెలియవు. బ్లోయర్ ఎన్ని గంటలు తిరిగింది, ఎలాంటి గాలిలో తిరిగింది, దానికి పట్టేది అదే.

లెక్క వేసి చూపించాను. హైవే మీద సగటున గంటకి 70 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి 11,000 కిలోమీటర్లంటే సుమారు 160 గంటలు. ఈయన బండి ఆఫీసు టైములో రింగ్ రోడ్డు మీద సగటున 18 దాటదు. అదే 11,000కి 600 గంటల పైమాటే. ఆ గంటలన్నీ బ్లోయర్ తిరుగుతూనే ఉంది, గంటకి కొన్ని వందల ఘనపు మీటర్ల గాలి ఆ చిన్న ఫిల్టర్ గుండా లాగుతూనే ఉంది. పైగా అప్పట్లో సిల్క్ బోర్డ్ నుంచి కే.ఆర్.పురం దాకా మెట్రో బ్లూ లైన్ పని జరుగుతున్న రోడ్డు అది. సిమెంటు ధూళి, తవ్విన మట్టి, ముందు లారీ పొగ. హైవేలో 20,000 నడిచిన ఫిల్టర్ కంటే ఇది పాడై ఉండటంలో వింతేమీ లేదు.

ఇంకో విషయం కూడా తోడయింది. లోపలి గాలే మళ్ళీ తిప్పితే మంచిది కాదని ఎవరో చెప్పారట, ఆయన ఎప్పుడూ బయటి గాలి మోడ్‌లోనే నడుపుతున్నారు. ఆ మాట సగం నిజం. తలుపులు మూసి నలుగురు గంటసేపు లోపలి గాలి మీదే పోతే కార్బన్ డయాక్సైడ్ పెరిగి డ్రైవర్‌కి మత్తుగా ఉంటుంది, మధ్యమధ్య బయటి గాలి ఇవ్వాల్సిందే. కానీ ధూళి ఎగిసే పని జరిగే చోట, లారీ వెనక నిలబడ్డప్పుడు బటన్ నొక్కి లోపలి గాలికి మార్చుకోవాలి. ఈ బండిలో లోపలి గాలి కూడా ఫిల్టర్ దాటే పోతుంది కాబట్టి తిరిగిన కొద్దీ శుభ్రపడుతుంది.

ఏడాదిన్నరగా గాలి తగ్గుతూ వస్తున్నా ఆయన గమనించకపోవడానికి బెంగళూరు వాతావరణమే కారణమని నా నమ్మకం. ఇక్కడ ఏడాదిలో చాలా నెలలు బ్లోయర్ ఒకటిలో పెడితే సరిపోతుంది. అనంతపురంలోనో కడపలోనో ఉండే బండి అయితే ఫిబ్రవరిలోనే బయటపడిపోయేది. బెంగళూరు నంబర్ బండ్లలో ఈ తేడా సొంతూరు ప్రయాణం పెట్టుకున్నప్పుడే తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గరికి వచ్చే ఏసీ ఫిర్యాదుల్లో చాలావాటి మూలం చలికాలం నాటిదే.

తడి ఎక్కడిది

ఫిల్టర్ మార్చి పంపేస్తే ఆయన సంతోషంగా వెళ్ళిపోయేవారు, వానాకాలం రాగానే అదే వాసనతో తిరిగొచ్చేవారు. ధూళి సంగతి తేలింది కానీ ఆ తడి మూల సంగతి తేలలేదు. ఏసీ వల్ల వచ్చే నీరు కూలింగ్ కాయిల్ దగ్గర పుట్టి కింది పైపు గుండా రోడ్డు మీద పడుతుంది. ఫిల్టర్ దానికి ముందే ఉంది, ఆ నీరు వెనక్కి ఎక్కదు. అంటే పైనుంచే పడుతోంది.

బానెట్ ఎత్తి, వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ విప్పాం. బయటి గాలి కారులోకి వచ్చే దారి అదే. కింద తొట్టిలా ఉంటుంది, వాన నీరు రెండు చివరలా కిందికి పోవడానికి దారులుంటాయి. ఎడమ వైపు దారి పూర్తిగా మూసుకుపోయి ఉంది, ఆకులు కుళ్ళి మట్టిగా మారిపోయాయి. అపార్ట్‌మెంట్ బయట కానుగ చెట్టు కింద పెడతారట, నీడ బాగుంటుందని. బెంగళూరులో వీధి వీధికీ కానుగ చెట్లే, ఎండాకాలం మొదట్లో ఆకు రాలుస్తాయి, ఆ వెంటనే పువ్వు రాలుస్తాయి. వాన పడ్డప్పుడు ఆ తొట్టిలో నీరు నిలిచి, పొంగి, గాలి దారిలోంచి ఫిల్టర్ మీదికి దిగుతోంది. కొన్ని బండ్లలో ఇదే నీరు ముందు సీటు కార్పెట్ దాకా వస్తుంది, ఈయన బండి అంతదాకా రాలేదు.

ముందద్దం మీద ఆవిరి పోకపోవడానికి కూడా ఇదే మూలం. లోపలి గాలిలో తడి పెరిగింది, దాన్ని తుడిచిపెట్టాల్సిన పొడి గాలి సరిపడా అద్దం దాకా రావట్లేదు. వానలో రింగ్ రోడ్డు మీద ముందద్దం కనబడకుండా నడపడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. తుమ్ములూ వాసనా సంగతి అటుంచితే, నాకు ఈ కేసులో అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఈ ఆవిరి విషయమే.

చేసిన పని

ముందు తొట్టి శుభ్రం చేసి, రెండు వైపులా ఒక మగ్గు నీళ్ళు పోసి కిందికి ధారగా పోతున్నాయో లేదో చూశాం. తర్వాత ఫిల్టర్ డబ్బాని లోపలంతా వ్యాక్యూమ్ చేసి తడిగుడ్డతో తుడిచాం. రెసిస్టర్ రంధ్రం గుండానే కాయిల్ మీద శుభ్రం చేసే ఫోమ్ కొట్టాం, అది నానాక కరిగి మురికితో పాటు డ్రైన్ పైపులోంచి బయటపడింది. మొదట వచ్చిన నీరు టీ డికాక్షన్ రంగులో ఉంది. తేటనీరు వచ్చేదాకా కొట్టాం. డ్యాష్‌బోర్డ్ ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

రెసిస్టర్ చేతిలో ఉండగా దాన్నీ చూశాను, ఒక చోట వేడికి రంగు మారింది. ఫిల్టర్ మూసుకుపోతే బ్లోయర్ మోటార్ ఎక్కువ కరెంట్ లాగి కాలిపోతుందని చాలామంది చెప్తారు. ఈ రకం చక్రం ఉన్న బ్లోయర్‌లో జరిగేది వేరు. గాలి తగ్గితే మోటార్ మీద బరువు తగ్గి కరెంట్ కూడా తగ్గుతుంది, క్లాంప్ మీటర్ పెట్టి ఎవరైనా చూసుకోవచ్చు. దెబ్బ తినేది రెసిస్టర్. దాన్ని చల్లబరిచేది ఆ గాలే. గాలి లేకపోతే అది వేడెక్కి కాలిపోతుంది, అప్పుడు ఒకటి, రెండు, మూడు స్పీడులు పోయి నాలుగు ఒక్కటే మిగులుతుంది. ఈయనది ఇంకా పనిచేస్తోంది కాబట్టి మార్చలేదు.

కొత్త ఫిల్టర్ ఎంపికలో కాస్త మాట్లాడుకున్నాం. మామూలు తెల్ల ఫిల్టర్ మూడు, నాలుగు వందల్లో వస్తుంది, ధూళి వరకూ చాలు. బొగ్గు పొర ఉన్న నల్లది ఆరేడు వందల పైన. యాక్టివేటెడ్ కార్బన్ పొగ వాసనని, కొన్ని వాయువుల్ని పట్టుకుంటుంది. రోజూ లారీల వెనక గంటలు గడిపే మనిషికి, అందులోనూ చిన్న పిల్ల ఉన్న ఇంటికి నేను బొగ్గుదే చెప్తాను. అయితే కార్బన్ మోనాక్సైడ్‌ని అది ఆపదు. మూసిన గరాజ్‌లో ఇంజన్ నడుపుతూ కూర్చోవడానికి ఏ ఫిల్టరూ లైసెన్స్ కాదు. బొగ్గు పట్టుకునే శక్తి ధూళితో నిండకముందే అయిపోవచ్చు కూడా. గాలి బాగానే వస్తున్నా పొగ వాసన మళ్ళీ తెలుస్తుంటే దాని పని అయిపోయినట్టే.

హెపా అని రాసున్నవి కూడా అడిగారాయన. అసలైన హెపా 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపాలి. అంత దట్టమైన గుడ్డ గుండా గాలి నెట్టడానికి బ్లోయర్ అందుకు తగ్గట్టు ఉండాలి. ఈ బండి బ్లోయర్ అందుకోసం చేసింది కాదు. మందంగా ఉన్న ఫిల్టర్ పెట్టి గాలి తగ్గించుకుంటే మనం మొదలైన చోటికే వస్తాం.

కొనేటప్పుడు బండి మోడల్ చెప్పి ఊరుకోకూడదు. ఒకే పేరుతో తరాలు మారిన బండ్లకి ఫిల్టర్ సైజు మారుతుంది. ఛాసిస్ నంబర్‌తో పార్ట్ నంబర్ తీయించి, విడిభాగాల దుకాణాలుండే జె.సి. రోడ్డు నుంచి తెప్పించాం. వచ్చిన ఫిల్టర్‌ని పాతదాని పక్కన పెట్టి పొడవు, వెడల్పు, మందం మూడూ చూశాను. మందం రెండు మిల్లీమీటర్లు తగ్గినా మూత పడుతుంది, అంచు స్పాంజి మాత్రం గోడని తాకదు, మళ్ళీ సందు.

బాణం గుర్తు గురించి ఒక మాట. కొన్ని ఫిల్టర్ల మీద "ఎయిర్ ఫ్లో" అని రాసి బాణం ఉంటుంది, అది గాలి పోయే దిక్కు. కొన్నిటి మీద "అప్" అని ఉంటుంది, అంటే ఆ వైపు పైకి ఉండాలని. గాలి కిందికి పోయే బండిలో ఈ రెండు బాణాలూ ఎదురెదురు దిక్కులు చూపిస్తాయి. బాణం మాత్రమే చూసి, రాసిన మాట చదవకుండా పెడితే తిరగబడుతుంది. తిరగబడ్డ ఫిల్టర్‌లో సన్నని పొర ముందుకొచ్చి త్వరగా నిండుతుంది. ఫ్రేమ్ అంచు మీద తేదీ, మీటర్ రీడింగ్ మార్కర్‌తో రాసి లోపల పెట్టాం.

తర్వాతి కొలతలు

అదే వెంట్, అదే ఫుల్ స్పీడ్: సెకనుకి 4.4 మీటర్లు. వెంట్ దగ్గర ఉష్ణోగ్రత 5 నుంచి 8 డిగ్రీలకి పెరిగింది. ఆయన మొహంలో అనుమానం చూసి వివరించాను. గాలి మూడింతలయింది, కాయిల్ మోసే వేడి ఎక్కువయింది, వెంట్ దగ్గర అంకె కాస్త పెరుగుతుంది, కారు మాత్రం త్వరగా చల్లబడుతుంది. వెంట్ థర్మామీటర్ ఒక్కటే చూసి ఏసీ బాగుందో లేదో తేల్చకూడదని అందుకే అంటాను. లో సైడ్ 34 పీఎస్ఐ దగ్గర నిలబడింది, కంప్రెసర్ కుదురుగా నడిచింది. గ్యాస్ ఒక్క గ్రాము కూడా పట్టలేదు. నలభై నిమిషాలు నిలబెట్టి నడిపాం, గాలి తగ్గలేదు, మంచు కట్టలేదు. ఫిల్టర్, ఫోమ్, లేబర్ కలిపి బిల్లు 3,000 లోపే.

ఎప్పుడు మార్చాలి అన్నదానికి ఈ బండికి ఏడాదికి రెండు సార్లు అని రాసిచ్చాను: మార్చిలో ఒకటి, నవంబరులో ఒకటి. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు వానలు గట్టివి, ఆ తడి తగిలిన ఫిల్టర్‌ని చలికాలమంతా మోయకూడదు. మార్చిలో మారిస్తే ఎండాకాలం కొత్త ఫిల్టర్‌తో మొదలవుతుంది. వారానికోసారి మాత్రమే తీసే బండికి, బేస్‌మెంట్‌లో ఉండే బండికి ఏడాదికోసారి చాలు. అయితే బేస్‌మెంట్‌లో ఎలుకలు ఫిల్టర్ చింపి గూడు కడతాయి, నెలకోసారైనా మూత తీసి చూడాలి. ఎలుక పెంటికలు కనిపిస్తే మాస్క్, గ్లవ్స్ వేసుకోకుండా చేయి పెట్టొద్దు, పొడిగా ఊడవొద్దు, ముందు క్రిములు చంపే మందు కలిపిన నీళ్ళు చల్లి తడపాలి.

నవంబరు మొదట్లో ఆయన చెప్పినట్టే వచ్చారు. కడప ప్రయాణం సుఖంగా జరిగింది, ఆ దారి ఎండలో కూడా బ్లోయర్ రెండు దాటించలేదన్నారు. పాపకి తుమ్ములు తగ్గాయన్నారు. పిల్లల తుమ్ములకి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి ఆ మార్పు అంతా ఫిల్టర్ వల్లేనని నేను చెప్పను. వానాకాలంలో ముందద్దం ఆవిరి మాత్రం నిమిషంలో పోయిందట. వెంట్ దగ్గర కొలిస్తే 3.9. ఫిల్టర్ తీస్తే రంగు బూడిద, అంచులు పొడిగా, ఫ్రేమ్ నిటారుగా ఉంది. గాలి లెక్కన ఇంకో రెండు మూడు నెలలు లాగేది. లారీ పొగ వాసన మళ్ళీ తెలుస్తోందన్నారు కాబట్టి మార్చేశాం. తొట్టిలో గుప్పెడు ఆకులున్నాయి, నీటి దారి తెరిచే ఉంది. చెట్టు కింద పార్కింగ్ మానలేకపోయారు, ఆ వీధిలో వేరే చోటు లేదు. అందుకని ఆకు రాలే నెలల్లో పదిహేను రోజులకోసారి వైపర్ జాలీ మీది ఆకులు చేత్తో ఏరేయమని చెప్పి, జాలీ క్లిప్పులు విరగ్గొట్టకుండా తీయడం ఆయన చేతే ఒకసారి చేయించి పంపాను.